మా మరిది నాతో చెప్పిన మాట

మా మరిది గే. ఈ మాట రాసే ముందు అతని అనుమతి తీసుకున్నాను. రాసినదంతా మొదట అతనే చదివాడు. రెండు చోట్ల కొట్టేయమన్నాడు, కొట్టేశాను. ఊరి పేరు చెప్పను, ఉద్యోగాల విషయంలో కొన్ని ఆనవాళ్ళు మార్చాను. ఇంట్లో ఈ సంగతి తెలిసింది నాకూ మావారికీ మాత్రమే. అత్తయ్యకూ మామయ్యకూ తెలియదు. ప్రస్తుతానికి తెలియకూడదన్నది అతని నిర్ణయం.

ఇలా దాచుకుని బతకాల్సిన మనిషికి అండగా నిలబడటం ఎలాగో నాకు ముందుగా చెప్పినవాళ్ళు లేరు. నలుగురికీ కనిపించేలా ఏం చేసినా ఆ నలుగురి చూపూ నేరుగా అతని మీదికే పోతుంది. ఏమీ చేయకుండా ఊరుకుంటే తనకెవరూ లేరనుకుంటాడు. ఈ రెంటి మధ్యా దారి వెతుక్కోవడానికి నాకు కొన్నేళ్ళు పట్టింది. ఇదే పరిస్థితిలో ఉన్న వదినలకూ అక్కలకూ స్నేహితులకూ పనికొస్తుందని, జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను కోస్తా జిల్లాల్లో ఒక హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతాను. నేను కాపురానికి వచ్చేటప్పటికి మరిది ఇంటర్‌లో ఉన్నాడు. రాత్రిళ్ళు నా పక్కన కూర్చుని బాటనీ బొమ్మలు వేసుకునేవాడు. ఫార్మసీ చదివి హైదరాబాదులో మందుల కంపెనీలో చేరాడు. పండక్కి రావడం, అందరికీ బట్టలు తేవడం, పెళ్ళి మాట ఎత్తగానే మేడ మీదికి వెళ్ళిపోవడం. అతని గురించి మాకు తెలిసింది అంతే.

2021లో, కరోనా రెండో వేవ్ కాస్త తగ్గాక, ఫోన్ చేసి "వదినా, ఒక నలభై వేలు సర్దగలవా? అన్నయ్యకు చెప్పొద్దు" అన్నాడు. పంపాను. పది రోజులు కాకముందే మళ్ళీ అడిగాడు. ఆ గొంతు విన్నాక డబ్బు పంపాలనిపించలేదు, మనిషిని చూడాలనిపించింది. ఆదివారం రైలెక్కి వెళ్ళాను.

మియాపూర్‌లో అతని ఫ్లాట్‌లో కూర్చున్నాం. నోటితో చెప్పలేక ఫోన్ నా ముందు పెట్టాడు. ఒక యాప్‌లో పరిచయమైన మగమనిషి వీడియో కాల్‌ను రికార్డు చేసుకున్నాడు. మామయ్య ఫోన్ నంబరు, మా ఊరి వాట్సాప్ గ్రూపు స్క్రీన్‌షాటు పెట్టి, సాయంత్రంలోగా ఇంత పంపకపోతే అందులో వేస్తానంటున్నాడు. "పోలీసుల దగ్గరికెళ్తే నిన్నే లోపలేస్తారు" అని కూడా రాశాడు. చదువుతుంటే నా చేతులు వణికాయి. మరిది గోడ వైపు తిరిగి కూర్చున్నాడు.

"వాడు బెదిరించడం నేరం. నువ్వు చేసింది నేరం కాదు. ఈ రెంటినీ కలపకు" అన్నాను. కాసేపటికి, "వదినా, నాకు మగవాళ్ళంటేనే ఇష్టం. చిన్నప్పటినుంచీ అంతే" అన్నాడు. "ఇంకెవరికి తెలుసు?" అని అడిగాను. ఎందుకు, ఎప్పటినుంచి, ఖాయమేనా అనే ప్రశ్నల కంటే ఇదే ముందు అడగాల్సిందని ఇప్పటికీ అనుకుంటాను. ఎవరి దగ్గర నోరు విప్పొచ్చో, ఎవరి దగ్గర విప్పకూడదో ఆ జవాబుతోనే తెలుస్తుంది. కాలేజీ స్నేహితులిద్దరి పేర్లు చెప్పాడు. ఇంట్లోవాళ్ళ పేరు ఒక్కటీ లేదు.

లోపలేస్తారన్నది శుద్ధ అబద్ధం. 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు నవతేజ్ సింగ్ జోహార్ కేసులో, పెద్దవాళ్ళు ఇద్దరు ఇష్టపడి ఏకాంతంలో కలిసి ఉంటే 377వ సెక్షన్ వర్తించదని తేల్చేసింది. స్వలింగ సంబంధాలను శిక్షించడానికి వాడిన 1860 నాటి చట్టం అది. 2009లో ఢిల్లీ హైకోర్టు ఒకసారి కొట్టేస్తే, 2013 డిసెంబరులో సుప్రీంకోర్టే మళ్ళీ నిలబెట్టింది. ఆ 2013 తీర్పు వచ్చినప్పుడు మరిది హాస్టల్లో ఉన్నాడు. పేపర్లో చదివి, తనను అరెస్టు చేస్తారేమోనని చాలా రోజులు భయపడ్డాడట. 2018 తీర్పూ అతనికి తెలుసు. అయినా ఫోన్లో ఎవడో ఆ మాట అనగానే పాత భయం లేచి కూర్చుంది. బెదిరించేవాళ్ళ పెట్టుబడి ఆ భయమే. దాచుకోక తప్పనివాళ్ళనే ఏరి పట్టుకుంటారు. మన దేశంలో చాలా నగరాల్లో ఇలాంటి ముఠాలు పట్టుబడ్డాయి.

ఇక ఒక్క రూపాయీ పంపకూడదనుకున్నాం. మెసేజీలు చెరిపేయకుండా, నంబర్లూ, డబ్బు వెళ్ళిన యూపీఐ వివరాలూ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీశాం. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్లో ఫిర్యాదు నమోదు చేసి, స్టేషనుకు వెళ్ళాం. డబ్బు మోసాలకు ఇప్పుడు 1930 అనే నంబరు ఉంది. డబ్బు పోగానే దానికి ఫోన్ చేస్తే ఆ ఖాతా స్తంభింపజేసే అవకాశం ఎక్కువ.

ఫిర్యాదు రాయడం దగ్గర మరిది చాలాసేపు ఆగిపోయాడు. తన గురించి అంతా రాయాలేమోనని అతని భయం. అక్కర్లేదు. "యాప్ ద్వారా పరిచయమైన వ్యక్తి నా వీడియో కాల్‌ను నాకు తెలియకుండా రికార్డు చేసి, ఇంట్లోవాళ్ళకు పంపుతానని బెదిరించి డబ్బు వసూలు చేస్తున్నాడు" అని రాశాం. బెదిరించి డబ్బు గుంజడం అప్పటి భారతీయ శిక్షాస్మృతి (ఐపీసీ)లో 384వ సెక్షన్, ఇప్పటి భారతీయ న్యాయ సంహితలో 308. అందులో ఎదుటివాడు ఆడా మగా అన్న ప్రశ్నే లేదు. స్టేషన్లో ఒకాయన వెకిలిగా ఏదో అనబోయాడు. నేను పక్కనే కూర్చుని "ఏ సెక్షన్ కింద రాస్తున్నారండీ?" అని అడిగాను. ఆపి రాసుకున్నాడు. ఇంటి చిరునామా గడిలో హైదరాబాదు ఫ్లాటు, రెండో ఫోన్ నంబరు గడిలో నాది ఇచ్చాం. ఊరికి కాగితం గానీ ఫోన్ గానీ వెళ్ళకుండా చూసుకోవడం ఆ రోజు ఫిర్యాదంత ముఖ్యమైన పని.

బెదిరింపులు ఆగాయి. వాడు దొరికాడో లేదో మాకు చెప్పలేదు. మామయ్య నంబరు వాడికెలా దొరికిందో మాత్రం తెలిసింది. ఫేస్‌బుక్‌లో మరిది స్నేహితుల జాబితా అందరికీ కనిపిస్తోంది, అందులో మామయ్య ఉన్నారు, ఆయన పేజీలో విత్తనాల దుకాణం బోర్డు ఫొటో, దాని మీద నంబరు. ఆ రాత్రే ఇద్దరం కూర్చుని జాబితా మూసేశాం, వాట్సాప్‌లో ఫొటో ఎవరెవరికి కనిపించాలో మార్చాం, ఫోన్ తెర మీద మెసేజీలు బయటికి కనిపించకుండా పెట్టాం.

తిరిగి ఇంటికొచ్చాక అసలు కష్టం మొదలైంది. మావారికి ఏం చెప్పాలి? పెళ్ళైనప్పటినుంచీ మా మధ్య దాపరికం లేదు. కానీ ఈ మాట నాది కాదు. ఒక మనిషి ప్రాణంలో ప్రాణంగా దాచుకున్నదాన్ని, అతను అడగకుండా ఇంకొకరి చేతిలో పెట్టే హక్కు నాకెక్కడిది? ఆ ఇంకొకరు సొంత అన్నయ్యే అయినా సరే. అందుకని ఆయనతో సూటిగా ఇలా అన్నాను. "మీ తమ్ముడి సంగతి ఒకటి నా దగ్గరుంది. తప్పుడు పని కాదు, ప్రమాదమూ లేదు. తనే మీకు చెప్పుకోవాలి. నన్నడగొద్దు, నా చేత అబద్ధం ఆడించొద్దు." ఆయనకు కోపం వచ్చింది. "నా తమ్ముడి విషయం నాకంటే నీకు ముందు తెలియాలా?" అని కొన్నాళ్ళు ముభావంగా ఉన్నారు. ఆ ముభావం భరించాను. అందులో నాకు ఏ సందేహమూ కలగలేదు.

మరిది నిద్ర పోవడం లేదని అతని మాటల్లోనే తెలిసింది. డాక్టరు దగ్గరికి వెళ్దామంటే వద్దన్నాడు. కాలేజీ రోజుల్లో ఒకసారి వెళ్ళాడట. ఆ డాక్టరు ఏవో బిళ్ళలు రాసి, "పెళ్ళి చేసుకో, అదే సర్దుకుంటుంది" అని పంపాడట. ఆ బిళ్ళలు మింగి సెమిస్టరంతా మత్తుగా తిరిగానని చెప్పాడు. వినగానే నాకు ఒళ్ళు మండిపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తన జబ్బుల పట్టికలోంచి స్వలింగ ఆకర్షణను 1990లోనే తీసేసింది. ఇది జబ్బు కాదని 2018లో భారతీయ సైకియాట్రిక్ సొసైటీ బహిరంగంగా ప్రకటించింది. మద్రాసు హైకోర్టులో జస్టిస్ ఆనంద్ వెంకటేశ్ ఇచ్చిన ఆదేశాల మీదట 2022 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్, ఇలా "మార్చేస్తాం" అనే చికిత్సను వైద్యవృత్తి ధర్మాన్ని ఉల్లంఘించడంగా తేల్చింది. అలాంటి వైద్యం చేసే డాక్టరు మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు.

అందుకని ఈసారి మరిదిని పంపకముందే నేనే ఫోన్ చేసి అడగడం మొదలుపెట్టాను. పేరు చెప్పను, "మా ఇంట్లో ఒక అబ్బాయి గే, మీరు అతన్ని మారుస్తారా?" అంటాను. ఒకాయన "ప్రయత్నిద్దాం, తీసుకురండి" అన్నారు. ఫోన్ పెట్టేశాను. ఇంకొకావిడ, "అందులో మార్చడానికేముందమ్మా? నిద్ర పట్టడం లేదన్నారు కదా, దాని గురించి మాట్లాడతాను" అన్నారు. ఆవిడ దగ్గరికే ఇప్పటికీ వెళ్తున్నాడు. అర్ధరాత్రి మనసు బాగోలేనప్పుడు 14416కి ఫోన్ చేయడమూ అలవాటు చేసుకున్నాడు. టెలీ మానస్ అని, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ సేవ. డబ్బు కట్టనక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు, పేరు చెప్పాల్సిన పని లేదు.

పెళ్ళి గోల గురించి కొంచెం ఎక్కువ రాయాలి. ముప్పై దగ్గర పడుతున్న కొద్దీ అత్తయ్యకు బెంగ ఎక్కువైంది. మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకున్నారు, శ్రీకాళహస్తిలో రాహుకేతు పూజ చేయించారు. పెళ్ళిళ్ళ పేరయ్య వారానికో సంబంధం తెచ్చేవాడు. ఒకసారి అత్తయ్య నన్ను వంటింట్లో పక్కకు పిలిచి, "వాడు ఎవరినైనా ఇష్టపడ్డాడేమో కనుక్కో అమ్మాయ్. ఏ కులమైనా నాకేం పట్టింపు లేదు, మీ మామయ్యకు నేను చెప్పుకుంటాను" అన్నారు. ఆవిడ అంత దూరం వచ్చినందుకు నా కళ్ళు చెమ్మగిల్లాయి. చెప్పడానికి మాత్రం నా దగ్గర మాట లేదు.

ఒక అమ్మాయి ఉందని కల్పించి చెబితే రెండేళ్ళు గడుస్తాయని స్నేహితుడు మరిదికి సలహా ఇచ్చాడట. నేను ఒద్దన్నాను. ఎప్పటికైనా అసలు సంగతి తెలిసిన రోజున, దాచినందుకు పడే బాధకు తోడు కట్టుకథ చెప్పారన్న బాధ కూడా కలుస్తుంది. అందుకని ఇద్దరం ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. అబద్ధం ఆడకూడదు. నిజంలో ఎంత చెప్పగలమో అంతే చెప్పాలి. "వాడికి పెళ్ళి ఉద్దేశం లేదత్తయ్యా. అది నిజం. మన ముచ్చట కోసం బలవంతంగా చేస్తే ఇంకో ఇంటి ఆడపిల్ల ఉసురు మనకు తగుల్తుంది" అన్నాను. ఆ మాట ఆవిడకు తగలాల్సిన చోట తగిలింది. ఆవిడ చెల్లెలి కూతురు అలాంటి బలవంతపు పెళ్ళిలోనే నలిగిపోయింది.

ఇక్కడ ఒకటి గట్టిగా చెప్పాలి. "పెళ్ళి చేసేస్తే సర్దుకుంటుంది" అనేవాళ్ళు ఆ రెండో మనిషి గురించి ఆలోచించరు. కట్నం, సారె, బంధువుల సందడి అయిపోయాక ఆ అమ్మాయి ఒక గదిలో తనలోనే ఏదో లోపం ఉందనుకుంటూ ఏళ్ళు గడుపుతుంది. మరిది అన్నిటికంటే భయపడింది దానికే. "నన్ను నేను దాచుకోగలను వదినా, ఇంకొకరిని మోసం చేయలేను" అన్నాడు. సంబంధం వచ్చిన ప్రతిసారీ ఫొటో తిప్పి పంపే పని నేను తీసుకున్నాను. పేరయ్య దృష్టిలో గయ్యాళి వదినను నేనే. నా వల్లే మరిది పెళ్ళి కావడం లేదని బంధువుల్లో ఒక మాట పుట్టింది. దాన్ని ఖండించలేదు. ఆ మాట నా మీద ఉన్నంతకాలం ఎవరి కళ్ళూ మరిది మీదికి పోలేదు.

హైదరాబాదులో 2013 నుంచి ప్రైడ్ యాత్రలు, అంటే గేలూ లెస్బియన్లూ ట్రాన్స్‌జెండర్లూ దాచుకోకుండా వీధుల్లో నడిచే ఊరేగింపులు జరుగుతున్నాయి. వెళ్ళి నడవాలని నాకు చాలా కోరికగా ఉండేది. వాట్సాప్ స్టేటస్‌లో వాళ్ళ ఇంద్రధనుస్సు రంగుల జెండా పెట్టాలనిపించేది. రెండూ చేయలేదు. మా బంధువుల్లో ఎవరూ పెట్టని జెండా నేనొక్కదాన్నీ పెడితే, మరుక్షణం "ఈ ఇంట్లో పెళ్ళి కాకుండా ఉన్నదెవరు?" అని లెక్కలు మొదలవుతాయి. దాచుకున్నవాళ్ళకు మనం ఇచ్చే మద్దతు వాళ్ళ వైపు వేలు చూపించేలా ఉండకూడదు. అతనితో ఏ సంబంధమూ లేని సందర్భాల్లోనే మాట్లాడటం మొదలుపెట్టాను. టీవీలో కామెడీ స్కిట్‌లో ఒక మగాణ్ణి ఆడదానిలా నడిపించి "తేడా" అని నవ్వుతుంటే, "ఇందులో నవ్వడానికేముంది? ఛానల్ మార్చండి" అంటాను. ప్రతిసారీ అంటాను. మొదట్లో అందరూ నా మొహం చూసేవారు, తర్వాత మా పిల్లలే మార్చేయడం నేర్చుకున్నారు. హాల్లో సోఫాలో కూర్చున్న మరిది ఫోన్లోంచి తలెత్తడు. తర్వాత ఏ అర్ధరాత్రో ఒక మెసేజీ వస్తుంది, "థాంక్స్ వదినా" అని.

బడిలోనూ అంతే. తొమ్మిదో తరగతిలో ఒక పిల్లాడి నడకను వెక్కిరిస్తూ వెనక బెంచీవాళ్ళు పేరు పెట్టారు. ఆ పిల్లాణ్ణి లేపలేదు, అతని పేరు ఎత్తలేదు, ఓదార్చలేదు. అలా చేస్తే వాడి మీదే ముద్ర పడుతుంది. వెక్కిరించినవాళ్ళను విడిగా స్టాఫ్‌రూమ్‌కు పిలిచి మాట్లాడాను. ప్రత్యుత్పత్తి పాఠం చెప్పే రోజున తరగతి మొత్తానికి, "కొందరు అబ్బాయిలకు అబ్బాయిలు, కొందరు అమ్మాయిలకు అమ్మాయిలు నచ్చుతారు. అది జబ్బు కాదు, తప్పు కాదు. పరీక్షలో రాదు గానీ గుర్తుపెట్టుకోండి" అని చెప్పి పాఠంలోకి వెళ్ళిపోయాను. వాళ్ళల్లో ఆ మాట అవసరమైనవాళ్ళు ఎవరో నాకు తెలియదు. తెలుసుకోవాల్సిన పనీ లేదు.

2023 సెప్టెంబరులో మరిదికి డెంగీ వచ్చింది. అప్పటికే అతనూ ఇంకో అబ్బాయీ కలిసి ఉంటున్నారు. ఇంటి ఓనరుకూ మా ఇంట్లోవాళ్ళకూ రూమ్మేట్. నాకు మాత్రం అతనెవరో తెలుసు. గోదావరి జిల్లా పిల్లాడు, నెమ్మదస్తుడు. రాత్రి పదకొండింటికి అతనే ఫోన్ చేశాడు. "వదినా, ప్లేట్‌లెట్లు నలభై వేలకు పడిపోయాయి. అడ్మిట్ చేయాలంటున్నారు. నేను సంతకం పెడతానంటే, మీరేమవుతారు, బంధువులను పిలవండి అంటున్నారు." ఫోన్ కౌంటర్లో ఇవ్వమన్నాను. మేము వచ్చేవరకు అన్ని నిర్ణయాలూ అతనే తీసుకుంటాడని, మాకు సమ్మతమేనని కాగితం మీద రాసి, సంతకం పెట్టి, ఆధార్‌తో కలిపి ఫొటో తీసి పంపాను. చేర్చుకున్నారు. ఇంట్లో రాత్రీ పగలూ పక్కనుండే మనిషి ఆస్పత్రి కౌంటర్ దగ్గర ఎవరూ కాకుండా పోవడం ఎంత అన్యాయమో ఆ రాత్రి తెలిసింది.

తెల్లవారి అత్తయ్యకూ మామయ్యకూ చెప్పాలి. చెప్పకపోతే తర్వాత బాధపడతారు. అందరం కారులో బయల్దేరే ముందు మరిదికి ఫోన్ చేసి ఏం చేద్దామని అడిగాను. జ్వరంలో మూలుగుతూనే "వాణ్ణి కిందుండమను వదినా" అన్నాడు.

ఆ కింద అంటే ఆస్పత్రి క్యాంటీన్. ఆ అబ్బాయి మూలబల్ల దగ్గర ల్యాప్‌టాప్ సంచీ, రిపోర్టుల ఫైలూ పెట్టుకుని కూర్చునేవాడు. ఆఫీసుకు సెలవు పెట్టడానికి "నా వాళ్ళకు బాగోలేదు" అని రాయలేక, తనకే జ్వరమని రాశాడట. పైన మంచం పక్కన అత్తయ్య. రక్తపరీక్ష వచ్చినప్పుడల్లా నేను కిందికి దిగేదాన్ని. "ఇరవై ఎనిమిది వేలు, తగ్గింది." "ఇరవై ఆరు." "ముప్పై ఐదు, పెరుగుతోంది." మందుల బిల్లు వెనక వరసగా వేళలూ అంకెలూ వేసుకునేవాడు. ఇరవై ఆరు అన్నప్పుడు పెన్ను పట్టుకున్న చెయ్యి కదల్లేదు. నేనే ఆ కాగితం తీసుకుని వేశాను.

మధ్యాహ్నం అత్తయ్యనూ మామయ్యనూ భోజనానికి బయటి హోటల్‌కు పంపి, అతన్ని పైకి పంపేదాన్ని. ఆ ముప్పావుగంట గది తలుపు దగ్గర నేను నిలబడేదాన్ని. ఒకరోజు అత్తయ్య తినకుండానే వెనక్కి వచ్చేశారు. అతను మంచం అంచున కూర్చుని, తడిగుడ్డతో మరిది పాదాలు తుడుస్తున్నాడు. గబుక్కున లేచి "నమస్తే ఆంటీ" అన్నాడు. "నువ్వేనా బాబూ వీణ్ణి తీసుకొచ్చి చేర్పించింది?" అని, అతని మొహం చూసి, "ఏమన్నా తిన్నావా?" అన్నారు అత్తయ్య. ఆ పూట తెచ్చిన ఇడ్లీ పొట్లం అతని చేతిలో పెట్టారు. మావారు ఇదంతా గుమ్మం దగ్గర్నుంచి చూశారు. రాత్రి "ఆ అబ్బాయి మూడురోజులుగా కిందే ఉన్నాడటగా?" అన్నారు. "నన్నడగొద్దు" అన్నాను. "అడగను" అన్నారు. ఈసారి ఆ మాటలో కోపం లేదు.

మరిది కోలుకున్నాడు. ఆ తర్వాత నెల, అక్టోబరు 17న, స్వలింగ జంటల పెళ్ళి హక్కు కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. దసరా సెలవులు, అందరం అత్తగారి ఊళ్ళో ఉన్నాం, హాల్లో టీవీ నడుస్తోంది. ఆ కేసులో మొదటి పిటిషనర్లు మన హైదరాబాదులో ఉండే జంట, సుప్రియో చక్రవర్తి, అభయ్ డాంగ్. పెళ్ళి ప్రాథమిక హక్కు కాదని, చట్టం మార్చాల్సింది పార్లమెంటేనని అయిదుగురు జడ్జీలూ అన్నారు. కలిసి ఉండటానికైనా చట్టపరమైన గుర్తింపు ఇవ్వాలని ఇద్దరు, అక్కర్లేదని ముగ్గురు. మామయ్య "కోర్టులకు వేరే పనుల్లేవా?" అన్నారు. చినమామయ్య ఏదో వెటకారమాడి నవ్వారు. "చినమామయ్యా, ఆ కేసు వేసినవాళ్ళూ ఒకింటి పిల్లలే. వాళ్ళకీ ఇలాగే టీవీ ముందు కూర్చునే బాబాయిలుంటారు. ఈ మాట వింటే వాళ్ళకెలా ఉంటుంది?" అన్నాను. హాల్లో ఎవరూ మాట్లాడలేదు. అత్తయ్య మాత్రం చిక్కుళ్ళు వలుస్తూ "పోనీలెండి, ఎవరి బతుకు వాళ్ళది. ఎవరికేం నష్టం?" అన్నారు.

ఆ రాత్రి మరిదికి ఫోన్ చేసి అత్తయ్య మాట ఉన్నదున్నట్టు చెప్పాను. మామయ్య అన్నదీ, చినమామయ్య నవ్విందీ కూడా చెప్పాను. మంచి కబుర్లు మాత్రమే ఏరి చెబితే, రేపు ఎవరి ముందు ఎంత నోరు విప్పాలో అతని అంచనా తప్పుతుంది. ఇంట్లో తను లేనప్పుడు ఎవరు ఏమంటున్నారో అతనికి తెలియాలి. అది చెప్పగలిగేది నేనొక్కదాన్నే.

పండగ ముందురోజు వచ్చి, మేడ మీద అన్నయ్యకు తనే చెప్పాడు. నన్నూ ఉండమన్నాడు. మావారు చాలాసేపు విన్నారు. ఆ తర్వాత ఆయన నోట వచ్చిన మొదటి మాట, "అయితే ఆ డబ్బు ఎవడికో పోసింది ఇందుకా? నన్నడిగితే నేనివ్వనా రా?" ఇద్దరికీ ఏడుపొచ్చింది. రాత్రి నా దగ్గర కూర్చుని, ఇది వంశంలో వస్తుందా, పెంపకంలో ఏమైనా జరిగిందా అని అడిగారు. పెంపకానికీ దీనికీ సంబంధం ఉందనడానికి ఆధారం లేదని, 2019లో దాదాపు అయిదు లక్షలమంది జన్యువులు చూసిన పరిశోధనలో కూడా "ఇదిగో ఈ ఒక్క జన్యువు" అనేదేదీ దొరకలేదని నాకు తెలిసినంతలో చెప్పాను. విని, "సరేలే, వాడు మా వాడే కదా" అన్నారు.

ఆస్పత్రి అనుభవం తర్వాత కాగితాలు సరిచేసుకోవడం మొదలుపెట్టాం. 2024 ఆగస్టు 28న కేంద్ర ఆర్థికశాఖ, ఇలాంటి జంటలు ఉమ్మడి బ్యాంకు ఖాతా తెరవడానికి గానీ ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికి గానీ ఆంక్ష ఏదీ లేదని స్పష్టం చేసింది. ఇద్దరూ ఖాతా తెరిచారు. కౌంటర్లో అమ్మాయి ఏ ప్రశ్నా అడగలేదు. నామినీ అంటే డబ్బు చేతికి అందుకునే మనిషి మాత్రమే, వారసుడు కాదు. అందుకని ఇద్దరూ వీలునామాలు రాసుకున్నారు. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షులు చాలు. ఆ సాక్షులకు గానీ, వాళ్ళ భార్యాభర్తలకు గానీ అందులో ఆస్తి రాయకుండా ఉండటం మంచిది. సాక్షులుగా నేనూ మావారూ సంతకం పెట్టాం. అసలు ప్రతులు మా ఇంట్లో ఉన్నాయి. ఆ ఏడాది డిసెంబరులోనే, విజయవాడలో ఇంకో యువతితో కలిసి ఉంటుండగా తండ్రి తీసుకెళ్ళిపోయిన యువతి కేసులో ఆమె మేజరు కాబట్టి తన తోడు ఎవరో తనే ఎంచుకోవచ్చని ఆంధ్రప్రదేశ్ హైకోర్టు చెప్పింది. ఆ వార్త కత్తిరించి మావారే తమ్ముడికి ఫొటో తీసి పంపారు.

అత్తయ్యకు చెప్పే విషయం ఈ మధ్య మరిదే ఎత్తాడు. ఎప్పుడని నేనెప్పుడూ అడగలేదు, అసలు చెప్పకపోయినా నాకు సమ్మతమే. ఆవిడ కంటి ఆపరేషన్ అయ్యాక చూద్దామన్నాడు. ఆలోగా ఆవిడకు ఏమేం ప్రశ్నలు వస్తాయో, దేనికి ఏం జవాబు చెప్పాలో కాగితం మీద రాసుకుంటున్నాం. "నేనేం తప్పు చేశాను?" అని ఆవిడ అడుగుతారన్నది మరిది రాసిన మొదటి ప్రశ్న, దాని కింద జవాబు పేజీ సగం ఉంది. మావారు రాసిన ప్రశ్న, నాన్నకు ఎవరు చెప్పాలి అని. దాని కింద ఇంకా ఏమీ రాయలేదు.